పెర్దిదా గని గాలి లెక్క

లా పెర్దిదా గనిలో గాలి కొలిచే ఉద్యోగానికి ఎర్లిండా బాకాని తీసుకునేటప్పటికి ఆమెకున్న అర్హత ఒక్కటే. ఆ పని ఇంకెవరూ చేయనన్నారు. అంతకుముందు ఆమె శాన్ మతేయో బడిలో తొమ్మిదేళ్లపాటు పిల్లలకు చిక్కుడు గింజలు వడ్డించింది. గరిటె ఎంత వంచితే ఎంత పడుతుందో తెలిసిన మనిషి, కొలతల్లో తప్పు చేయదులే అని గని ఆఫీసులో ఎవరో పరాచికమాడి సంతకం పెట్టేశారు. ఆమెకి ముప్ఫై ఆరేళ్లు. మొగుడు లేడు. అంటే పోలేదు, కాలిఫోర్నియాలో ఉన్నాడు.

ఆడది దిగితే గని కూలుతుందని ముసలి కార్మికుల నమ్మకం. ఆమె దిగిన మొదటి వారమే నిజంగా ఒకచోట కప్పు కూలింది. "ఇదివరకు నలభై సార్లు కూలిందటగా, అప్పుడెవరు దిగారు? మీ అమ్మా?" అని ఆమె అడిగాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె పని చెప్పుకుంటే చాలా చిన్నది. యురేనియం రాతిలోంచి రంగూ వాసనా లేని ఒక వాయువు ఊరుతూ ఉంటుంది. అది చితికి కంటికి ఆనని రేణువులైపోతుంది. ఆ రేణువులు దుమ్మునెక్కి, ఊపిరితో లోపలికి పోయి, పిలవని చుట్టంలా అక్కడే తిష్ట వేసి ఊపిరితిత్తుల్ని కాలుస్తాయి. అవి గాలిలో ఎన్ని ఉన్నాయో ఎర్లిండా కొలవాలి. చేతి పంపుతో ఐదు నిమిషాలు గాలిని ఒక కాగితం గుండా లాగాలి. ముప్పావు గంట ఆగి ఆ కాగితాన్ని లెక్క యంత్రంలో పెట్టాలి. ఒక అంకె వస్తుంది. అంకె ఒకటి ఉన్న చోట నెల్లాళ్లు పనిచేసిన మనిషి కార్డు మీద ఒకటి పడుతుంది. ఏడాది మొత్తం మీద ఏ కార్డూ నాలుగు దాటకూడదు. దాటబోతే ఆ మనిషిని పైకి పంపి, యార్డులో చీపురు చేతికివ్వాలి. 1975లో చట్టం అది.

చట్టానికేం, బాగానే ఉంది. ఎర్లిండాని తొలిచింది వేరే సంగతి. మూడు నెలలుగా ఆమె ఏ సొరంగానికి వెళ్లినా అంకె పావు దగ్గరో, కాస్త పైనో వచ్చేది. గనిలో నూట పది మంది ఉంటే నూట పది కార్డులూ కవల పిల్లల్లా ఉండేవి. ఆమె కాగితాలేమో ఉతికిన చొక్కాల్లా తెల్లగా వచ్చేవి. షిఫ్టు దిగి పైకొచ్చే మగాళ్లు తుమ్మితే మాత్రం రుమాలు నల్లగా అయ్యేది.

ఒక ఆదివారం బాబాయి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఆ మాట అడిగేసింది. బాబాయి అంటే పోయిన తండ్రికి సొంత తమ్ముడు, ప్రొకోపియో బాకా. యాభై ఒకటో ఏడు. పదిహేడేళ్లుగా గనిలో ఉన్నాడు. ఊళ్లో అతని దగ్గు వినే గడియారాలు సరిచేసుకుంటారని అతనే గొప్పగా చెప్పుకునేవాడు.

"బాబాయ్, గాలేమో అద్దంలా ఉంటోంది. మీ ముక్కులేమో పొగగొట్టాల్లా ఉంటున్నాయి. ఎలా?"

ప్రొకోపియో నోట్లో ఉన్న పచ్చిమిరప కూర పొలమారేంత నవ్వాడు. భార్య లిబ్రాదా వీపు మీద రెండు చరిస్తే గానీ మాట రాలేదు.

"ఓసి పిచ్చిదానా! నువ్వు కిందికి దిగే బోనెక్కగానే బోను నడిపేవాడు గంట రెండుసార్లు ఎక్కువ కొడతాడే. 'అమ్మగారు బయల్దేరారు' అని దానర్థం. మేం వెంటనే డ్రిల్లు మిషన్ల గాలి గొట్టాలు ఊడబీకి సొరంగమంతా ఊదేస్తాం. నువ్వొచ్చేసరికి కొండ మీద ఉన్నట్టుంటుంది. నువ్వటు వెళ్లగానే గొట్టాలు మళ్లీ డ్రిల్లులకి తగిలిస్తాం. నీ మూలంగా రోజుకి గంట పని పోతోంది, తెలుసా?"

"ఎవరు చేయమన్నారు?"

"టకెట్ దొర. ఆయన చెప్పకపోయినా మేమే చేద్దుం. కార్డు నిండితే నన్ను పైకి పంపుతారు. పైన నేనేం చేయాలి, పావురాల రెట్టలు ఊడవాలా? టన్నుకింత అని వచ్చే బోనసు పోతుంది. ఊపిరితిత్తులు నావి, పెన్ను నీది. ఆ పెన్ను కాస్త తేలిగ్గా నొక్కమ్మా, నీకు పుణ్యముంటుంది."

లిబ్రాదా మొగుడి కంచంలో ఇంకో రొట్టె వేసి, ఎర్లిండా వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎర్లిండాకి కోపం వచ్చింది. రేణువుల మీద కాదు, ఫోర్‌మన్ టకెట్ మీద కూడా కాదు. మూడు నెలలు తనని పెళ్లికొడుకుని ఊరేగించినట్టు ఊరేగించి, ముందుగా బాజాలు కొట్టించి, వెనకాల నవ్వుకున్నారు. బడిలో పిల్లలు చిక్కుడు గింజలు జేబుల్లో దాచి 'తినేశాం' అంటే కూడా ఇట్టే కనిపెట్టేది ఆమె.

మంగళవారం పళ్లు పీకించుకోవడానికి ఆల్బుకర్కీ పట్నం వెళ్తున్నానని ఆఫీసులో సెలవు చీటీ ఇచ్చింది. మంగళవారం పొద్దున ఏడు గంటల షిఫ్టుకి వదులు కోటు తొడుక్కుని, జుట్టంతా టోపీలోకి దోపి, బొగ్గుతో మీసం దిద్దుకుని, పంపూ లెక్క యంత్రమూ పెద్ద అన్నం డబ్బాలో పెట్టుకుని మగాళ్ల మధ్యన బోనెక్కింది. బోను నడిపేవాడికి కావలసింది తలల లెక్క, మొహాలు కాదు. మామూలు గంటలే కొట్టాడు.

బోను దిగుతుంటే పక్కనున్న మనిషి ఆమె చెవి దగ్గరకి వంగాడు. అతను హోస్కీ ఎట్సిటీ, ప్రొకోపియో జట్టులో డ్రిల్లు పట్టే నవహో తెగ కార్మికుడు.

"కొత్తగా చేరావా తమ్ముడూ?"

ఎర్లిండా తల ఊపింది.

"మీసం చెమటకి కారుతోంది. అంతకంటే గడ్డం నయం, కారినా కనపడదు," అని గుసగుసగా అని, తన మెడలోని తుండుగుడ్డ తీసి ఆమె మెడ చుట్టూ మూతి దాకా చుట్టాడు.

సొరంగం చివరికి చేరేసరికి ప్రొకోపియో అప్పటికే మందుగుండు పేల్చిన రాళ్ల గుట్ట ముందు నిలబడి బూతులు పాడుకుంటున్నాడు. ఈసారి గాలి హోరు లేదు. పైకప్పు నుంచి వేలాడుతున్న గుడ్డ గాలి గొట్టం చిరిగి, ముసలి ఆవు పొదుగులా వడలిపోయి ఉంది. దుమ్ము దీపం వెలుగులో పిండిలా తేలుతోంది. ఎర్లిండా తుండుగుడ్డ విప్పింది.

"ఒసేయ్! నీ పళ్లేమయ్యాయే?" అన్నాడు ప్రొకోపియో.

"నోట్లోనే ఉన్నాయి. నువ్వు పని కానీ బాబాయ్, నేను లేననుకో."

ఐదు నిమిషాలు పంపు లాగింది. కాగితం బూడిద రంగుకి తిరిగింది. ముప్పావు గంట ఆగి యంత్రంలో పెట్టి లెక్క వేసింది. తప్పు చేశానేమోనని మళ్లీ వేసింది. మూడోసారి వేళ్ల మీద కూడా సరిచూసుకుంది. పదకొండు.

"ఎంత?" అన్నాడు హోస్కీ.

"పదకొండు. ఏడాది మొత్తానికి చట్టం ఒప్పుకున్నదంతా ఇక్కడ ఎనిమిది షిఫ్టుల్లో పీల్చేస్తారు."

ప్రొకోపియో పార మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "అంటే లెక్క ప్రకారం నేను చచ్చి చాలా కాలమైందన్నమాట. మరి ఈ ఆకలెవరిదే?"

హోస్కీ నవ్వలేదు. "మా అన్న షిప్‌రాక్ వైపు గనుల్లో చేశాడు, మా అమ్మ నన్నింకా చంకనెత్తుకునే రోజుల్లో. అప్పట్లో హద్దే లేదు. హద్దు లేకపోతే దాటేదేముంది? వెధవ, ఒక్క రూలూ మీరకుండా నలభై రెండేళ్లకే పోయాడు."

ప్రొకోపియో గొంతు మార్చి, "రాయకే ఎర్లిండా," అన్నాడు. "నువ్వు ఇక్కడికి రానే లేదు. పళ్లు పీకించుకుంటున్నావు."

ఆమె పైకొచ్చి, మొహం కడుక్కుని, కార్మికులు టోపీ దీపాలు తీసుకునే దీపాల గది గోడకి వేలాడే పుస్తకంలో అందరికీ కనపడేలా పదకొండు అని రాసింది. పక్కన వేళ, సొరంగం పేరు వేసి, తన సంతకం పెట్టింది.

ఫోర్‌మన్ వర్జిల్ టకెట్ ఆ పేజీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఓక్లహోమా మనిషి. పొట్ట ముందు నడిస్తే తను వెనక నడుస్తాడు. ఎప్పుడూ పెద్దగా అరిచేవాడు కాదు, చనువుగా మాట్లాడేవాడు. అందుకే ఎక్కువ భయపడేవారు.

"నీ యంత్రం పాడైనట్టుంది, ఎర్లిండా."

"నిన్నటి దాకా పావు చూపించింది కదండీ, అప్పుడు పాడవలేదా?"

"నువ్వు సెలవులో ఉన్నావు. సెలవులో ఉన్న మనిషి కొలత చెల్లదు. నేను ఇరవై ఏళ్లు ఈ గాలే పీల్చాను, నన్ను చూడు." అని షిఫ్టు దిగి వస్తున్న మగాళ్లందరికీ వినపడేలా పొట్ట మీద తట్టుకున్నాడు. "ఈవిడ అంకె నిజమైతే మీలో సగం మంది రేపటి నుంచి పైన చీపురు పట్టాలి. ఆలోచించుకోండి."

ఆలోచించుకున్నారు. మర్నాటి నుంచి ఎర్లిండాతో మాట్లాడిన మగాడు లేడు. ఆమె బండి చక్రాల్లో గాలి తీసేశారు. 'గాలి కొలవడం ఇలా' అని అద్దం మీద రాసి కూడా పెట్టారు. ప్రొకోపియో చర్చిలో ఆమె కూర్చున్న వరస వదిలేసి వెనక్కి పోయి కూర్చున్నాడు. "మా అన్న కూతురు నా నోటికాడ కూడు లాగేసింది" అని బారులో చెప్పుకుని ఏడ్చాడట. ఏడుపు సంగతి ఎలా ఉన్నా, బీరు మాత్రం మిగతావాళ్లు పోయించారు.

అసలు చిక్కేమిటంటే వాళ్లు ఆ అంకెని నమ్మలేదు. కప్పు కూలితే కనపడుతుంది. మందుగుండు పేలితే వినపడుతుంది. ఈ రేణువులకి వాసన లేదు, రుచి లేదు, కనీసం దురద కూడా లేదు. అలాంటిదాని కోసం బోనసు వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు? ఎర్లిండాకీ అది తెలుసు. అందుకే వాళ్ల మీద కంటే, దాన్ని వాళ్ల కళ్లకి చూపించలేని తన మీద తనకే విసుగేసేది.

వారం చూసింది. తర్వాత కిరాణా కొట్టు బయటి ఫోను నుంచి ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకి ఫోను చేసింది. అటువైపు మనిషి పేరు లిండ్‌క్విస్ట్. మర్యాదగా అన్నీ రాసుకుని, పది రోజుల్లో వస్తానన్నాడు. వచ్చే తేదీ గనికి ముందుగా తెలియజేశాడు. ఆ రోజు గంటలు ఎక్కువ కొట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది.

లిండ్‌క్విస్ట్ బక్కపలచటి మనిషి. కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. టకెట్, ఎర్లిండా, అతనూ సొరంగం చివరికి వెళ్లేసరికి మూడు గొట్టాలు తుపానులా ఊదుతున్నాయి. ప్రొకోపియో టోపీ ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. హోస్కీ, మరో ఆరుగురు గోడకి ఆనుకుని కూర్చున్నారు. వాళ్ల అన్నాల వేళ అది.

"గాలి బాగానే ఆడుతోందే," అన్నాడు లిండ్‌క్విస్ట్, రెపరెపలాడుతున్న తన కాగితాలు పట్టుకుంటూ.

"అయ్యా," అంది ఎర్లిండా, "ఈ గొట్టాలు డ్రిల్లు మిషన్లవి. డ్రిల్లు నడిస్తే ఇవి ఊదవు, ఇవి ఊదితే డ్రిల్లు నడవదు. వీళ్లు ఇక్కడికి గాలి పీల్చడానికి రాలేదు, రాయి తవ్వడానికి వచ్చారు. ఒకసారి ఆపించి, గంట ఆగి కొలవండి."

లిండ్‌క్విస్ట్ గొట్టాల వైపు చూశాడు, డ్రిల్లుల వైపు చూశాడు. పుస్తకాలు చదివిన బుర్ర కాస్త నెమ్మదిగా తిరిగినా ఆఖరికి తిరిగింది. "ఆపండి," అన్నాడు. "గంటసేపు అందరం ఇక్కడే కూర్చుందాం." అని తన సంచిలోంచి ముక్కుకి తగిలించుకునే జల్లెడ తొడుగు తీసి పెట్టుకున్నాడు. అతని ఆఫీసు రూలు అది.

గొట్టాలు ఆగిపోయాయి. హోరు పోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి. దుమ్ము మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

"కూర్చోండి దొరగారూ," అన్నాడు ప్రొకోపియో. వెక్కిరింత కాదు, మామూలు మర్యాదే. తన అన్నం డబ్బా మూత తీసి, లిబ్రాదా చుట్టి ఇచ్చిన మిరపకాయ రొట్టె ఒకటి టకెట్‌కి అందించాడు. "మా ఆవిడ చేతి వంట. ఇరవై ఏళ్లు పీల్చిన గాలేగా, ఇంకో గంట పీలుద్దురు."

టకెట్ కూర్చున్నాడు. రొట్టె చేతిలో పట్టుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. మనిషి ఊపిరి పైపైన తీస్తున్నాడని ఎర్లిండాకి తెలిసింది, చొక్కా గుండీల కదలిక తగ్గిపోయింది. నాలుగో నిమిషంలో చెమట తుడుచుకునే మిషతో రుమాలు తీశాడు. రుమాలు నుదుటి దగ్గర మొదలై ముక్కు మీదకొచ్చి అక్కడే ఆగిపోయింది. ఎనిమిది మంది రొట్టెలు నమలడం ఆపి అతన్నే చూస్తున్నారు.

ఆరో నిమిషంలో టకెట్ లేచాడు. "పైన ఒక ఫోను రావాలి," అన్నాడు.

"ఫోను ఎక్కడికి పోతుంది దొరా, మళ్లీ చేస్తారు," అన్నాడు హోస్కీ.

"ముఖ్యమైంది." రొట్టె ఒక రాయి మీద పెట్టి, తల వంచుకుని నడిచాడు. మొదట నడిచాడు. మలుపు దగ్గర అతని దీపం గబగబా ఊగడం అందరూ చూశారు. అంత పొట్ట అంత వేగంగా వెళ్లగలదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

చుక్క చుక్కగా నీరు పడుతున్న చప్పుడు.

"చూశారా," అన్నాడు హోస్కీ మెల్లగా. "పదకొండంటే ఎంతో ఇప్పుడు అర్థమైంది. ఆరు నిమిషాలు."

ప్రొకోపియో తన చేతిలోని సగం రొట్టె వైపు చూశాడు. దాని మీద కూర్చున్న సన్నని దుమ్ముని వేలితో రాసి, దీపం వెలుగులో పెట్టి చూశాడు. ఎర్లిండా ఆ చూపు ఎన్నాళ్లయినా మరచిపోలేకపోయింది. నవ్వని బాబాయి మొహం ఎలా ఉంటుందో ఆమెకి అంతవరకు తెలియదు. అతను డబ్బా మూసి, పార తీసి గోడకి నిలబెట్టాడు.

"లేవండిరా," అన్నాడు. "మనకీ పైన ఫోనుంది."

ఎనిమిది మందీ లేచారు. దారిలో పక్క సొరంగాల వాళ్లు ఏమైందని అడిగితే, "దొర పరిగెత్తాడు" అని ఒక్క మాటే చెప్పారు. అది చాలింది. సాయంత్రానికి గని ఖాళీ. లిండ్‌క్విస్ట్, ఎర్లిండా మాత్రం గంట పూర్తయ్యేదాకా దిగువనే ఉండి కొలిచారు. కొత్త బూట్ల మనిషి ముక్కు తొడుగు ఆమెకి ఇవ్వబోతే, "మీరుంచుకోండి, మీరు చిన్నవారు," అంది. అంకె తొమ్మిదిన్నర వచ్చింది. అతను అక్కడికక్కడే మూసివేత చీటీ రాసి సంతకం పెట్టాడు.

నేల మీద నుంచి కొత్త గాలి బావి తవ్వి పెద్ద ఫ్యాను పెట్టేదాకా ఆ వైపు ఎవరూ తవ్వకూడదన్నారు. కార్డులన్నీ మళ్లీ లెక్కగట్టారు. ముప్ఫై నాలుగు మంది నాలుగు దాటారు. టకెట్‌ని కంపెనీ శిక్షించింది, వేరే గనికి మేనేజరుగా పంపించింది. ఎర్లిండాకి సెలవులో పనిచేసినందుకు మందలింపు ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని పిండి డబ్బా కింద పరుచుకుంది.

ప్రొకోపియోకి చీపురే వచ్చింది. అక్టోబరు నుంచి యార్డు ఊడుస్తూ ఎండని, గాలిని, పావురాల్ని, వాటి తల్లుల్ని తిడుతూ ఉండేవాడు. ఎర్లిండాతో మాత్రం మాట్లాడడం మొదలుపెట్టాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. ఒకరోజు ఆమె బండి చక్రాలకి గాలి కొట్టి, "ఇది నేను తీసింది కాదు, కొట్టింది మాత్రం నేనే," అని వెళ్లిపోయాడు.

కొత్త సంవత్సరం రోజున వాళ్లింట్లో మొక్కజొన్న గింజలు, పంది మాంసం కలిపి వండిన పులుసు తాగుతుంటే అతను హుషారుగా ఉన్నాడు. "రేపటి నుంచి నేను గనిలోకి దిగొచ్చు తెలుసా? జనవరి ఒకటికి కార్డు సున్నా అవుతుందట. చట్టప్రకారం నా ఊపిరితిత్తులు ఇవాళే పుట్టాయే! బారసాల చేయాలి!" అని పెద్దగా నవ్వబోయి, దగ్గొచ్చి, బయటికి వెళ్లాడు.

లిబ్రాదా ఎర్లిండా పక్కన కూర్చుంది. దగ్గు ఆగేదాకా వింది.

"ఆ పదిహేడేళ్లదీ ఏ కార్డు మీదుందే?"

ఎర్లిండాకి అబద్ధం చెప్పాలనిపించింది. ఎంత చిన్న అబద్ధం చాలునో కూడా తెలుసు.

"దేని మీదా లేదు పిన్నీ."

లిబ్రాదా తల ఊపి, గిన్నెలు తీసింది. "ఆయనకి చెప్పకు. తెలియదని కాదు. నాకు తెలుసని తెలియకూడదు."

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి దీపాల గదిలో ఫోను మోగింది. కింది నుంచి కొత్త ఫోర్‌మన్. మనిషి ఏడ్చేలా ఉన్నాడు. "అమ్మా, మీ బాబాయ్ పని చేయనంటున్నాడు. పద్నాలుగు మంది బోను దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోందని చెప్పినా వినరు. మీరొచ్చి కొలిస్తే గానీ లేవరట!"

ఎర్లిండా దిగింది. ప్రొకోపియో మధ్యలో పెద్దమనిషిలా కూర్చుని పేకాట పంచుతున్నాడు.

"వచ్చావా! కొలువమ్మా. ఫ్యాను తిరుగుతోందని వీడంటాడు. మా ఆవిడ కూడా ఇంట్లో ఉన్నానని అంటుంది, వెళ్లి చూస్తే చెల్లెలింట్లో ఉంటుంది."

ఆమె సొరంగం చివరికి వెళ్లింది. గాలి గొట్టం ఉబ్బి ఉంది గానీ అతుకు పట్టీ ఎక్కడో జారి గాలి సగమే వస్తోంది. కొలిస్తే ఒకటీ ముప్పావు. ఫోర్‌మన్ మనుషుల్ని పంపి పట్టీ బిగించాడు. మళ్లీ కొలిస్తే పావుకి కాస్త ఎక్కువ వచ్చింది. రెండు కొలతలూ పుస్తకంలో ఎక్కించి, ఆ మాట చెప్పడానికి ఆమె బోను దగ్గరికి వచ్చేసరికి పదకొండు గంటలైంది.

"పావు," అంది.

"గొట్టాలు ఊదకుండానే?"

"ఊదకుండానే."

"ఇంకోసారి కొలువు."

"బాబాయ్!"

"ఇంకోసారి కొలవమన్నానా," అన్నాడు ప్రొకోపియో, పేక ముక్కలు కలుపుతూ. "ఇదిగో, ఈ ఆట నేను గెలుస్తున్నాను. తొందరేం లేదు."

ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు. హోస్కీ పక్కకి జరిగి ఎర్లిండాకి చోటిచ్చాడు. ఆమె పంపుకి కొత్త కాగితం తగిలించి, మళ్లీ సొరంగంలోకి నడిచింది.